పైపుకి కవరు తొడిగితే

పోయిన నెల హార్జ్ కొండల దగ్గర ఒక క్యాంపింగ్ ప్లేసులో, మా ఇంటి గిన్నెలు కడిగిన నీళ్ళని జర్మన్లు భుజాల మీద పెట్టుకుని ఊరేగించారు. నిజంగా నిజం. అబద్ధమైతే ఈ కప్పులో టీ నాకు దక్కకూడదు. ఆ నీళ్ళు వాళ్ళ భుజాల మీదికి ఎలా ఎక్కాయో మొదట్నించీ చెప్తాను. మధ్యలో ఎవరూ "అసలు నీకు బుద్ధుందా" అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న సునీత ఇప్పటికే అడిగేసింది. మా అమ్మాయి ఆద్య జర్మన్‌లో కూడా అడిగింది.

మేము సెకండ్ హ్యాండ్‌లో వోన్‌మొబిల్ కొన్నామని మీకు తెలుసుగా. అదే, వ్యాన్‌లోనే మంచం, పొయ్యి, సింకు, బుల్లి బాత్రూమ్ అన్నీ ఉండే బండి. కొనాలన్నది నా సరదా కాదు, సునీత కోరిక. హానోవర్‌లో మా ఫ్లాట్ సంగతి చూశారుగా, బాల్కనీ లేదు, కిటికీ తీస్తే ఎదురుగా చెత్త డబ్బాలు. ఆవిడ ఉద్యోగం మొత్తం హోమ్ ఆఫీసే, బెడ్‌రూమ్ మూలన చిన్న బల్ల. ఓ రోజు మీటింగ్ అయ్యాక లాప్‌టాప్ మూసి, "మురళీ, నా కాళ్ళకి మట్టి తగిలి ఎన్ని రోజులైందో తెలుస్తలేదు" అంది. విసుగ్గా కాదు, మామూలుగానే అంది. అందుకే నాకు ఎక్కువ తగిలింది.

బండి కొన్నాక అసలు వేట మొదలైంది. ఇక్కడ సరస్సుల పక్కన క్యాంపింగ్ ప్లేసుల్లో కొన్ని చోట్లు సీజన్ మొత్తానికీ ఒకరికే ఇస్తారు. డావర్‌ప్లాట్జ్ అంటారు. వసంతంలో బండి పెట్టుకుంటే మళ్ళీ చలికాలం దాకా ఆ ముక్క మనదే. అయితే అది దొరకడం అంటే ఇక్కడ పసిపిల్లల్ని వదిలే కిటాలో సీటు దొరకడం లాంటిదే. ఎవరో ఒకరు ఖాళీ చెయ్యాలి, ఆ తర్వాత యజమానికి మనం నచ్చాలి. సునీత ఎన్నో చోట్లకి మెయిల్స్ పెట్టింది. చివరికి ఫ్రౌ టీమన్ అనే ఆవిడ జవాబిచ్చింది. నీటి అంచున ఒక చోటు ఖాళీ అయింది, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, ముందు ఒక వీకెండ్ వచ్చి ఉండండి, ఆదివారం మధ్యాహ్నం నా నిర్ణయం చెప్తాను అని రాసింది. పెళ్ళిచూపులన్నమాట. పిల్ల బదులు మా కుటుంబం మొత్తం.

సునీత ఆ మెయిల్‌ని నాకు చదివి వినిపించింది, వాళ్ళమ్మకి ఫోన్‌లో చదివి వినిపించింది, ఆ రాత్రి నిద్రపోయే ముందు మళ్ళీ చదువుకుంది. ఈ ప్లేసు పోతే మళ్ళీ వచ్చే ఏడాది దాకా ఏదీ లేదు. అది మా ఇద్దరికీ తెలుసు.

ప్లేసు సంగతి ఆవిడ చూసుకుంది, బండి సంగతి నేను చూసుకుంటానన్నాను. బండిలో టాయిలెట్‌కి వేరే డబ్బా ఉంటుంది, దాన్ని తీసుకెళ్ళి పారబోయాలి, దాని జోలికి ఈ కథ వెళ్ళదు, మీరు నిశ్చింతగా బిస్కెట్లు తినండి. సింకులోనూ బాత్రూమ్‌లోనూ వాడిన నీళ్ళు మాత్రం బండి కిందున్న టాంకులో చేరతాయి. టాంకు నుంచి ఆ నీళ్ళని డ్రైన్‌లోకి పంపడానికి ఒక పైపు కావాలి. పాత ఓనర్ ఇచ్చిన పైపు ఎండకి పెళుసెక్కి, ముట్టుకుంటే పొట్టు రాలుతోంది. సరే, కొత్తది కొందాం, పైపే కదా అనుకున్నాను.

పైపే కదా అనుకోకూడదని తర్వాత తెలిసింది. ఈ దేశంలో ఆ పైపుల మీద ఒక ఫోరమ్ ఉంది. అందులో మనుషులు పగలూ రాత్రీ వాదించుకుంటారు. ఒకాయన పైపు వయసులో ఆయన కూతురి కన్నా పెద్దదట, ప్రతి వసంతంలోనూ దానికి ఫొటో తీసి పెడతాడు. కింద అందరూ అభినందనలు చెప్తారు. చదువుతుంటే నాకు నవ్వు రాలేదండీ, ఒళ్ళు గగుర్పొడిచింది. మనం నీళ్ళు వెళ్ళిపోతే చాలనుకునే ఒక వస్తువుని ఇంత ప్రేమగా చూసుకునేవాళ్ళు ఉన్నారా అనిపించింది. నేను మాస్టర్స్ థీసిస్‌కి ఆ శ్రద్ధ పెట్టుంటే మా ప్రొఫెసర్ కళ్ళకద్దుకునేవాడు.

చదివి చదివి నేనూ పండితుణ్ణయ్యాను. పల్చటి పైపు కొంటే వేడి నీళ్ళకి మెత్తబడి మడత పడుతుంది. లోపల గరుకుగా ఉంటే అన్నం మెతుకులు పట్టుకుని కంపు కొడుతుంది. కాబట్టి లోపల నున్నగా ఉండాలి, గోడలో తీగ చుట్ట ఉండాలి, బండికి తగిలించే మూతి తిప్పితే టక్కున బిగుసుకోవాలి. వాడాక మంచి నీళ్ళతో కడిగి, ఒక కొస పైకెత్తి పట్టుకుని రెండో కొస దాకా నడుచుకుంటూ వెళ్తే లోపలి నీళ్ళన్నీ దిగిపోతాయి. తడిగా చుట్టకూడదు, వేలాడదీసి ఆరబెట్టాలి. చలికాలం ముందు చుక్క నీరుండకూడదు, గడ్డకట్టి చీలుస్తుంది. మూతి దగ్గరి రబ్బరు వాషర్‌కి సిలికాన్ గ్రీజు రాయాలి కానీ, మనం తలకీ తలుపులకీ రాసే కొబ్బరి నూనె రాయకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఈ ఆఖరి ముక్క చదివేటప్పటికి నా చేతిలో కొబ్బరి నూనె సీసా ఉంది. సమయానికి కాపాడారు.

పైపు వచ్చింది. పెట్టె విప్పి హాల్లో పరిచాను. బూడిద రంగు, గుండ్రటి మెలికలు, చేత్తో వంచితే వంగి, వదిలితే మళ్ళీ తన ఆకారంలోకి వచ్చేస్తుంది. కాసేపు అలా చూస్తూ కూర్చున్నాను. సునీత వంటింట్లోంచి వచ్చి, "ఇంత మురిపెం నన్ను చూసినప్పుడు కూడా పడలే నువ్వు" అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్కడే నా వంశం అడ్డుపడింది. మాది కవర్లు తియ్యని వంశం. టీవీ రిమోట్‌కి కవరు, పరుపుకి కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్కే కవరు, రాత్రిళ్ళు పక్కకి తిరిగితే గరగరమని ఇల్లంతా లేచేది. కారు సీట్ల మీది పాలిథీన్ దానంతట అది చిరిగేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరు. మా నాన్న కొత్త గొడుగుని వానలో తడుస్తుందని తీసుకెళ్ళేవాడు కాదు. అలాంటి రక్తం నాది. ఇంత మంచి పైపుని ఎండలోనూ బురదలోనూ ఒట్టి ఒంటితో పడుకోబెట్టమంటే నాకెలా ప్రాణం ఒప్పుతుంది?

ఇళ్ళకి కావలసిన సామాన్లమ్మే పెద్ద షాపుకి వెళ్ళాను. అక్కడ నాకోసమే తయారుచేసినట్టు ఒక వస్తువు కనపడింది. దళసరి ప్లాస్టిక్ రోలు, కానీ ఒంటి పొర కాదు, పక్కలు కలిసిపోయి పొడవాటి సంచిలా లోపల బోలుగా ఉంటుంది. ఎంత పొడవు కావాలంటే అంత కోసుకోవచ్చు. తెచ్చాను. పైపుని దాంట్లోకి దూర్చాను. అద్దంలో బొమ్మలా ఎంత బాగుందో చెప్పలేను. పైపు చివరి దాకా తొడిగాక రోలు ఇంకా బోలెడు మిగిలింది. అది పైపు కొసన చుట్టగా అలాగే ఉండిపోయింది. అక్కడే కత్తిరించాల్సింది. కానీ అక్కడ డ్రైన్ ఎంత దూరంలో ఉంటుందో ఏమో, చూసి కొలిచి కోద్దాం, ముందే కోసి పొట్టిదైతే వేస్టు కదా అనుకున్నాను. కత్తెర మాత్రం మర్చిపోకుండా ప్యాంటు వెనక జేబులో పెట్టుకున్నాను. మర్చిపోనివాణ్ణి నేను, చూశారా.

శుక్రవారం సాయంత్రం చేరాం. ఫ్రౌ టీమన్ గేటు దగ్గరే ఉంది. సన్నగా, పొడుగ్గా, తెల్ల జుట్టు వెనక్కి ముడివేసుకుని, సైకిల్ పట్టుకుని నిలబడింది. నవ్వుతూ పలకరించింది, నవ్వుతూనే రూలు చెప్పింది. ఈ సరస్సులో పిల్లలు ఈదుతారు, ఇక్కడ గడ్డి మీద పోసిందేదైనా నేరుగా దాంట్లోకే దిగుతుంది, కాబట్టి వాడిన నీళ్ళు డ్రైన్‌లోకి తప్ప ఒక్క చుక్క బయట పడకూడదు. పోయిన వేసవిలో ఒక జంట సబ్బు నీళ్ళ బకెట్ గడ్డి మీద కుమ్మరించారట. వాళ్ళు పొద్దుటి కాఫీ తాగకుండానే బండి కట్టుకుని వెళ్ళిపోయారట. వెళ్ళిపోయారా, పంపేశారా అని అడగాల్సిన అవసరం లేకుండా చెప్పింది. నేను ధైర్యంగా, "మా పైపు చూస్తే మీకే తెలుస్తుంది" అన్నాను.

ఆ చోటు ఎలా ఉందంటే, బండి తలుపు తీస్తే పచ్చిక, పచ్చిక మెల్లగా కిందికి వాలి నీళ్ళ దగ్గర ఆగుతుంది. సునీత చెప్పులు విడిచేసి కిందికి నడిచి వెళ్ళి, అలా నిలబడిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వీపు చూస్తేనే నాకు అర్థమైంది, ఈ ప్లేసు రాకపోతే ఈ మనిషిని మళ్ళీ ఆ చెత్త డబ్బాల కిటికీ ముందు ఏ మొహం పెట్టుకుని కూర్చోబెట్టాలా అని.

శనివారం చుట్టుపక్కల వాళ్ళని భోజనానికి పిలుద్దామంది సునీత. మంచి ఐడియా. పప్పు, గుత్తి వంకాయ, పులిహోర, చారు. బుల్లి పొయ్యి మీద అంత వంట ఎలా చేసిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే. పక్క ప్లేసు హెర్ వెబర్ గారు భార్యతో వచ్చారు, రిటైరైన మనిషి, గడ్డం, మోకాళ్ళ దాకా నిక్కరు. అవతలి వైపు నుంచి రెండు మూడు కుటుంబాలు వచ్చాయి. చారుని కప్పుల్లో పోసుకుని మళ్ళీ మళ్ళీ తాగారు. ఫ్రౌ టీమన్ భోజనానికి రాలేనని, మూడింటికి టీకి వస్తానని కబురు పెట్టింది.

అందరూ బయట కుర్చీల్లో కూర్చున్నారు. లోపల సునీత అంట్లు మొదలెట్టింది. ఫ్రౌ టీమన్ మూడింటికి వచ్చేలోపు బండి అద్దంలా ఉండాలని పట్టుదల. బియ్యం కడిగిన నీళ్ళు, వంకాయ గిన్నె, చారు గిన్నె, అన్నీ టాంకులోకే. కాసేపటికి టాంకు నిండిందని ఎర్ర లైటు వెలిగింది. నేను లేచి పైపు తీశాను.

నేను మూతి బండికి పెట్టి తిప్పగానే టక్ మంది. హెర్ వెబర్ కప్పు కింద పెట్టి లేచి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని పైపు వైపు చూశాడు. అదెక్కడిది, లోపల నున్నగా ఉందా, తీగ ఉక్కుదా అని అడిగాడు. అన్నీ చెప్పాను. ఆయన కూడా ఆ ఫోరమ్ మనిషేనని తేలింది. ఇద్దరం గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని వాషర్ గురించి మాట్లాడుకున్నాం. మరి ఈ ప్లాస్టిక్ ఎందుకు అన్నాడు. ఎప్పటికీ కొత్తగా ఉండటానికి అన్నాను. ఆయన గడ్డం నిమురుకుని, "లాజికల్" అన్నాడు.

ఒక జర్మన్ నోటి నుంచి ఆ మాట. నా పైపుని చూసి. ఆ క్షణంలో నాకు ఇంకేమీ గుర్తులేదు. డ్రైన్ మూత తీసి ఉంది, పైపు కొస దాని పక్కదాకా చేరింది, కొసకి అవతల రోలు బుద్ధిగా కూర్చుని ఉంది. కోసి, కొసని బయటికి తీసి, కన్నంలో పెట్టాలి, అంతే. అప్పుడే లోపల్నించి సునీత, "సింకుల నీళ్ళు దిగుతలేవు, ఇప్పుతవా ఇప్పవా" అని కేకేసింది. ఇదిగో అని టాంకు లివర్ లాగేశాను.

లోపల గుడగుడమని శబ్దం. పైపు సన్నగా వణికింది. హెర్ వెబర్ వంగి జాయింటు దగ్గర కళ్ళు పెట్టాడు. ఒక్క చుక్క కారలేదు. మూతి దగ్గర వేలు పెట్టి చూసి, పొడిగా ఉన్న ఆ వేలిని అందరికీ చూపించాడు. కుర్చీల్లోంచి ఎవరో చిన్నగా చప్పట్లు కూడా కొట్టారు. నా ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్తే మీ దిష్టి నాకు తగులుతుంది.

అప్పుడు ఆద్య, "పాపా, షౌ మాల్" అంది. నాన్నా చూడు అని. దానికి జర్మన్‌లోనే మాట తొందరగా వస్తుంది. చూశాను.

రోలు కదులుతోంది.

ముందు ఓ జానెడు కదిలింది, ఆగింది, మళ్ళీ కదిలింది. ఎవరూ ముట్టుకోలేదు. వాలు వైపు తిరిగి, తనంతట తానే విప్పుకుంటూ మెల్లగా నడవడం మొదలెట్టింది. వెనక విప్పుకున్న ప్లాస్టిక్ చదునుగా ఉండాల్సింది పోయి పొంగుతోంది, తొడంత లావున, నున్నగా. ఎండ దాని మీద పడింది. లోపల పసుపు రంగు నీళ్ళు బంగారంలా వెలుగుతున్నాయి. వాటిలో కరివేపాకులు తిరుగుతున్నాయి, ఆవగింజలు గుంపుగా పైకి లేచి మళ్ళీ దిగుతున్నాయి, ఒక ఎండుమిరపకాయ అన్నిటికన్నా ముందు దర్జాగా ఈదుకుంటూ పోతోంది. దేవుడి మీద ఒట్టు, నేను అంత అందమైనది ఈ మధ్యకాలంలో చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడ్డాను. హెర్ వెబర్ నా పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డాడు. కుర్చీల్లో వాళ్ళంతా లేచారు. పిల్లలు దాని పక్కనే నడుస్తున్నారు. పైపు తన పని అద్భుతంగా చేస్తోంది, పోసినదంతా రెండో కొసన వదులుతోంది. ఆ రెండో కొస నేను కొయ్యని కవర్లో ఉందన్న సంగతి ఒక్కటే అక్కడ తప్పు.

ముందుగా తేరుకున్నది హెర్ వెబర్. నా భుజం పట్టుకుని, చాలా మర్యాదగా, "దీని చివర ఎక్కడుంది?" అని అడిగాడు.

చివర రోలు నడిమధ్య ఉంది. రోలు పూర్తిగా విప్పుకున్న క్షణాన ఆ చివర నోరు తెరుస్తుంది. అది ఎక్కడ తెరుస్తుందో చూద్దామని కిందికి చూశాను. వాలు చివర పచ్చిక, పచ్చిక చివర సరస్సు, సరస్సులో పిల్లలు.

లివర్ మూసెయ్యాలని తట్టాలా వద్దా? తట్టలేదు. వెనక జేబులోంచి కత్తెర తీసి, దాన్ని పైకెత్తి పట్టుకుని, ఆ పొంగిన సంచి వెంట పరిగెత్తాను. ఎందుకంటారా, కత్తెర పని మిగిలిపోయింది కదా, అది ఇప్పుడు చేసేద్దామని. పగిలేట్టున్న నీళ్ళ సంచి మీదికి కత్తెరతో దూకుతున్న మనిషిని చూసి జర్మన్లు నాలుగు దిక్కుల నుంచీ "నైన్, నైన్", అంటే వద్దు వద్దు, అని అరిచారు. ఆద్య వెనకనుంచి మూసెయ్ నాన్నా, ముందు మూసెయ్ అని జర్మన్‌లో ఏడుస్తోంది.

ఆ గోలకి సునీత బయటికొచ్చింది. చేతులకి సబ్బు నురగ. ఒక్కసారి చూసింది. నన్ను, కత్తెరని, సంచిని, నీళ్ళని. "కత్తెర కింద పెట్టు మురళీ" అంది. అరవలేదు. నేను పెట్టేశాను. ఆవిడ నన్ను దాటుకుని, ఒట్టి కాళ్ళతో, వాలు మీద పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తగలదని నాకు పెళ్ళైనప్పట్నుంచీ తెలీదు.

రోలు అప్పటికి సన్నబడిపోయింది. నీటి అంచుకి ఇక కొంచెమే దూరం. సునీత దాని ముందుకి వెళ్ళి, వంగి, రెండు చేతులతో ఎత్తి నడుము పైకి పట్టుకుంది. అంతే, నీళ్ళు ఆగాయి. పైకి ఎక్కలేవు కదా. మిగిలిన ప్లాస్టిక్ విప్పేసి, ఆ మెడ దగ్గర గట్టిగా మెలిపెట్టి, వెనక్కి మడిచి, పళ్ళతో తన హుడీ మెడలోంచి తాడు లాగింది. మీకు ఒకటి చెప్పాలి. మా మావయ్యగారిది ఖమ్మంలో టిఫిన్ సెంటర్. సునీత స్కూల్ అయ్యాక గల్లా పక్కన కూర్చుని సాంబారు పార్సిళ్ళు కట్టేది. వేడి సాంబారు కవర్లో పోసి, మెలిపెట్టి, దారం చుట్టి, చివర ఒక గుంజు. బస్సులో ఎంత దూరం వెళ్ళినా చుక్క కారదు. ఆ వేళ్ళు ఆ పని మర్చిపోలేదు. హుడీ తాడు గిరగిరా తిరిగింది, ఒక గుంజు గుంజింది. ఒక బండెడు సాంబారు పార్సిల్ ఒడిలో పెట్టుకుని గడ్డిలో కూలబడింది.

నేను వెనక్కి వెళ్ళి లివర్ మూశాను. టాంకులో అప్పటికి ఏమీ మిగల్లేదు.

సరిగ్గా మూడింటికి ఫ్రౌ టీమన్ సైకిల్ దిగింది. టీకి వచ్చింది కదా. ఆవిడ కంటికి కనపడింది ఇది. బండి దగ్గర్నుంచి నీటి దాకా మెరుస్తూ పడుకున్న పసుపు రంగు భారీ ఆకారం, దాని మెడ పట్టుకుని ఆయాసపడుతున్న నా భార్య, మొహం పాలిపోయిన నేను. ఇందులో ఏముంది అని అడిగింది. నేను ఏదో కథ అల్లబోయాను. సునీత తన వచ్చీ రాని జర్మన్‌లో నిజం చెప్పేసింది. "గిన్నెలు కడిగిన నీళ్ళు. ఒక్క చుక్క కూడా గడ్డి మీద పడలేదు."

ఫ్రౌ టీమన్ సైకిల్ స్టాండు వేసింది. పై నుంచి కింది దాకా ఆ సంచి పక్కన నడిచింది. అడుగడుగునా వంగి గడ్డిని అరచేత్తో ముట్టుకుంది. పొడి. ఇంకో చోట ముట్టుకుంది. పొడి. ఓరగా సునీత వైపు చూశాను. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు, అయినా మెడ వదల్లేదు. ఫ్రౌ టీమన్ కింది దాకా వచ్చి, ముడి దగ్గర మోకరిల్లి, దాన్ని బొటనవేలితో నొక్కింది. ఇంకా గట్టిగా నొక్కింది. ఏమీ రాలేదు. తలెత్తి సునీత వైపు చూసి, "ఈ ముడి నాకు నేర్పిస్తారా?" అంది.

ఇక ఆ నీళ్ళని వదిలించుకోవాలి. మా ప్లేసు డ్రైన్ కన్నం చిన్నది, ఈ సంచిని అక్కడ విప్పితే చుట్టూ చిమ్ముతుంది. గేటు దగ్గర పెద్ద గుంట ఉంది, అక్కడికే మొయ్యాలి. పైపుని మెల్లగా బయటికి లాగేశాక పై కొసని కూడా సునీతే కట్టింది, దానికి తాడు హెర్ వెబర్ బూటు లేసు. తర్వాత ఆయన కమాండు తీసుకున్నాడు. ఎత్తు ప్రకారం మనుషుల్ని వరసలో నిలబెట్టాడు. ఒకటి, రెండు, మూడు, ఎత్తండి. మా గిన్నెల నీళ్ళు జర్మన్ల భుజాల మీదికి ఎక్కాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఒక్కరి అడుగూ తప్పలేదు. ముందు ఆద్య ఫ్రౌ టీమన్ సైకిల్ నడిపించుకుంటూ గంట కొడుతోంది. బండ్లలోంచి, టెంట్లలోంచి జనం బయటికొచ్చి దారి ఇచ్చారు. ఒక ముసలాయన టోపీ తీశాడు, ఏమనుకున్నాడో మరి. ఎవరూ నవ్వలేదండీ, అదే నాకు పిచ్చెక్కించింది. ఒక తెలుగువాడి తప్పుని ఇంత శ్రద్ధగా, ఇంత గౌరవంగా మొయ్యగలిగిన మనుషులు భూమ్మీద ఉన్నారా అని చూస్తూ నడిచాను. నన్ను మొయ్యనివ్వలేదు. అందరి కాఫీ కప్పులూ ఒక ట్రేలో పెట్టి నా చేతికిచ్చారు.

గుంట దగ్గర సునీత తాడు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. ముడి పువ్వులా విడిపోయింది. పసుపు నీళ్ళు చప్పుడు చేస్తూ దిగిపోయాయి. ఎండుమిరపకాయ ఆఖర్న వెళ్ళింది. అందరూ చప్పట్లు కొట్టారు. హెర్ వెబర్ నా దగ్గరికొచ్చి, నన్ను ఓదారుస్తున్నట్టు చూసి, పైపులో మాత్రం ఏ లోపమూ లేదు అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసుకి పిలిచింది ఫ్రౌ టీమన్. ముగ్గురం వెళ్ళి వరసగా నిలబడ్డాం. ఆవిడ బల్ల మీది నుంచి ఒక తాళంచెవి తీసి సునీత చేతిలో పెట్టింది. సీజన్ మొత్తం, ఆ చోటు మీదే అంది. సునీత తాళంచెవి వైపు చూసి ఏడ్చేసింది. ఆ చెత్త డబ్బాల కిటికీ నుంచి ఈ మనిషిని నేను బయటికి తేలేదు, తనే వచ్చింది, అదీ నన్ను దాటుకుని పరిగెత్తి మరీ. అది నేనెప్పటికీ మర్చిపోను.

కళ్ళు తుడుచుకుని, సంతకం పెడదామని నేనూ పెన్ను తీసుకుని ముందుకొచ్చాను. ఫ్రౌ టీమన్ చాలా మృదువుగా నా పెన్ను కిందికి దించింది. ఇక్కడ ఒప్పందం ఫ్రౌ సునీత గారిది, పాప ఆవిడ కుటుంబం అంది. "మరి నేను?" అన్నాను. కాస్త ఆలోచించి, "మీరు బెజూఖర్" అంది. అంటే విజిటర్. విజిటర్ రాత్రికి ఉండాలంటే, ఉంటాడని ప్లేసు ఎవరి పేరున ఉందో వాళ్ళు ముందుగా ఆఫీసులో చెప్పాలట. లేకపోతే పదికల్లా గేటు బయట ఉండాలట. సునీత అభ్యంతరం చెప్తుందేమోనని చూశాను. సంతకం పెడుతోంది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళిద్దరూ ముందే వెళ్ళిపోతారు. నేను ఆఫీసు అయ్యాక ట్రైన్‌లో కూర్చుని ఫోన్ చేసి, "సునీతా, ఏం చేస్తున్నావు, భోజనం అయిందా, కాళ్ళు నొప్పులేమైనా ఉన్నాయా, అన్నట్టు నా పేరు ఆఫీసులో చెప్పావా" అని అడుగుతుంటాను. పెళ్ళిచూపుల్లో కూడా నేనింత వినయంగా మాట్లాడలేదట.